పాటయు, పెట్టెయు



వడియములు, వ్రతములు, పసిపిల్లల పెంపకము మొదలగు విషయములు చదువుట కలవాటుపడిన మీకు, ఒక వెబ్‌సైటునకు మేము స్వయముగా జేసికొన్న పనిముట్టు నమర్చిన వృత్తాంతము చెప్పబూనుట వింతగా దోచవచ్చును. కాని యీ వృత్తాంతములో యంత్రముకంటె ఇల్లే యెక్కువగా నున్నది. మేము చేసిన యొక పొరపాటువలన మా అత్తగారి పాటలు కొన్ని మరల దొరకకుండ పోయినవి. అట్టి పొరపాటు మరియొక యింట జరుగకుండుటకై దీనిని వ్రాయుచున్నాము.

మేమొక ఉన్నత పాఠశాల పంతులుగారి ఇల్లాలము. కళాశాల గడప త్రొక్కినవారము కాము. మా తండ్రిగారు మాకు ఇంటనే అమరము, రఘువంశము, ఆంధ్ర మహాభారతమున కొన్ని పర్వములు చెప్పిరి. కంప్యూటరుతో మాకు పరిచయము కలిగినది 2020వ సంవత్సరమున. కరోనా వ్యాధి కారణముగా ఆ యేడు మార్చి నెలలో పాఠశాలలు మూతపడగా, మావారు ఇంటినుండియే పాఠములు చెప్పవలసి వచ్చెను. వారికి తెలుగు టైపు చేయుట కష్టముగా నుండెడిది. అందుచే పాఠములను వారు చెప్పుచుండ మేము టైపు చేయుచుంటిమి. పాఠశాలలు తిరిగి తెరచిన తరువాతను ల్యాప్‌టాపు మా వంటింటి ప్రక్క బల్లమీదనే నిలిచిపోయెను. పప్పు ఉడుకుచుండగా నాలుగు పంక్తులు టైపు చేయుట మాకు నిత్యకృత్య మాయెను.

మా అత్తగారికి డెబ్బదియెనిమిది సంవత్సరములు. ఆమె బడికి పోయినది రెండేండ్లే యైనను, ఆమె కంఠమునందున్న పాటలకు లెక్క లేదని మా యూరివారు చెప్పుకొందురు. సీమంతపు పాటలు, లాలి పాటలు, దంపుళ్ల నాటి సువ్వి పాటలు, పెండ్లిలో బంతిపాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు — ఏ శుభకార్యమునకైనను ఇరుగుపొరుగువారు ముందుగా ఆమెకు కబురు పంపెడివారు. అందు ననేకములు అచ్చులో లేవు. ఆమె తల్లినుండి, తల్లి తల్లినుండి నోటివెంట వచ్చినవి. ఒకనాడు మావారు, “అమ్మ పాటలన్నియు నొకచోట జేర్చినచో బాగుండును. పత్రికకు పంపిన నొక నెలతో పోవును. వెబ్‌సైటులో నుంచినచో అమెరికాలోనున్న మన చెల్లెలును, హైదరాబాదులోనున్న పిల్లలును ఎప్పుడు కావలసిన నప్పుడు చూడగలరు” అనిరి. ఆ మాట మా మనస్సునకు పట్టెను.

మా అన్నగారి కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు అతడే యొక సర్వరులో కొంత చోటు అద్దెకు తీసికొని, అందు వర్డ్‌ప్రెస్ అను వ్యవస్థను నెలకొల్పి యిచ్చెను. ఇట్టివానిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టములందురు. వెబ్‌పుటల భాష తెలియనివారు కూడ వ్రాతలను వ్రాసి, దిద్ది, ప్రకటించుటకు వీలుగా నుండునట్టి యేర్పాటు ఇది. వర్డ్‌ప్రెస్‌ను మాట్ మలెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిరువురు 2003వ సంవత్సరము మే నెలలో లోకమునకు విడుదల చేసిరి. అంతకు పూర్వము మిషెల్ వాల్‌ద్రీగీ అను నతడు వ్రాసిన బీ2 అను పనిముట్టు దీనికి మూలము. ఇది ఉచితము. దీని లోపలి వ్రాతను ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, పదిమందికి పంచవచ్చును.

దీని నిర్మాణము తెలిసినగాని మా కథ బోధపడదు. కనుక ఇంటి పోలికతో రెండు మాటలు చెప్పెదము. ఇందు నాలుగు భాగములున్నవి. ఇల్లు కట్టిన మేస్త్రి పని వంటిది మూల వ్యవస్థ. ధాన్యపు కొట్టు వంటిది డేటాబేసు. మనము వ్రాసిన పుటలన్నియు నందులో నుండును. గోడలకు వేసిన సున్నము, గుమ్మమునకు గట్టిన తోరణము వంటిది థీము. పుట కంటికి కనబడు తీరు దానివలన గలుగును. రోలు, తిరుగలి, కవ్వము వంటివి ప్లగిన్లు. మూల వ్యవస్థలో లేని పనులు వానిచేత జరుగును. 2004లో వచ్చిన 1.2 సంచికనుండి ప్లగిన్లను చేర్చుకొను సదుపాయము ఏర్పడినది. ఈ నాలుగింటికిని వేరువేరు స్థానములున్నవి. ఏ స్థానమున నేది యుంచవలెనో తెలియకపోవుటయే మా దురదృష్టమునకు హేతువైనది.

వెబ్‌పుటలో చదువరి చేయి తగులు భాగములను — నొక్కుటకు మీట, వెదకుటకు గడి, ఎన్నుకొనుటకు జాబితా — కంట్రోళ్లందురు. వర్డ్‌ప్రెస్‌లో సామాన్యముగా కావలసినవన్నియు నున్నవి. కాని మేము కోరినది వేరు. చదువరి “సీమంతము” అని యెన్నుకొన్నచో సీమంతపు పాటలు మాత్రమే రావలెను. పాట ప్రక్కన అత్తగారి కంఠము వినిపించు మీట యుండవలెను. పాత మాటపై వ్రేలుంచినచో దాని యర్థము క్రింద కనబడవలెను. ఇన్నియు గల కంట్రోలు మాకు సిద్ధముగా దొరకలేదు. “నీవే వ్రాయరాదా అత్తయ్యా? సూత్రములు వల్లించినదానవు గదా!” అని మా మేనల్లుడు హాస్యమాడెను. మేము హాస్యముగా గైకొనలేదు.

అతడు రోజు నొక గంట వంతున మూడు వారములు మాకు పీహెచ్‌పీ అను భాష చెప్పెను. అది మేమనుకొన్నంత కఠినము కాలేదు. ఒక సంజ్ఞ నిచ్చుట, ఆ సంజ్ఞకు తరువాత నంతటను అదే యర్థము గ్రహించుట, సామాన్య నియమము చెప్పి దానికి అపవాదము చెప్పుట — ఇవి వ్యాకరణము కొంచెము చూచినవారికి క్రొత్తవి కావు. పిదప షార్ట్‌కోడ్ అను నుపాయమును చూపెను. ఇది 2008లో 2.5 సంచికతో వచ్చినది. పుటలో చదరపు బ్రాకెట్ల నడుమ మన మేర్పరచుకొన్న యొక మాట వ్రాసినచో, పుట చూపించు సమయమున ఆ మాట తొలగి, దాని స్థానమున మన కంట్రోలు వచ్చి నిలుచును. మేము “పాటలపెట్టె” అను పేరును ఇంగ్లీషు అక్షరములతో నుంచితిమి. ఆ పేరు ప్రక్కన సందర్భము కూడ వ్రాయవచ్చును గనుక, ఒకే పెట్టె ఒక పుటలో సీమంతపు పాటలను, మరియొక పుటలో హారతులను చూపును.

మొదటి దినమున నొక వింత జరిగెను. పాటలు తమ చోట కనబడక, పుట నెత్తిమీద, మా ఊరిపేరుకంటెను పైన వచ్చి కూర్చుండెను. ఎంత వెదకినను కారణము తెలియలేదు. మేనల్లునికి ఫోను చేయగా నవ్వి, “షార్ట్‌కోడ్‌కు వ్రాసిన ఫంక్షను తన ఫలితమును తానే అచ్చువేయరాదు, అడిగినవారికి అప్పగించవలెను” అని చెప్పెను. వంట చేసినవారు గిన్నెను వడ్డించువారికి అందీయవలెను గాని, విస్తళ్లు వేయకముందే తామే పోయి కుమ్మరింపరాదు గదా! ఆ యొక్క మాట మార్చగనే పాటలు తమ చోటికి వచ్చెను. ఆ రాత్రి మాకు కలిగిన సంతోషము, మొదటి పద్యము కుదిరిననాటి సంతోషమునకు తీసిపోలేదు.

ఇక మా పొరపాటు. ఆ ఫంక్షనును మేము థీములోనున్న “ఫంక్షన్స్” అను ఫైలులో వ్రాసితిమి. అది సులభముగా దొరకినది, అందుచే వ్రాసితిమి. అంతటితో నిలువక, పాటలను గూడ ఆ ఫైలులోనే పెద్ద పట్టికగా టైపు చేసితిమి. అత్తగారు మధ్యాహ్నము వాలుకుర్చీలో గూర్చుండి చెప్పుచుండ, నేరుగా అందులోనే వ్రాయుచుంటిమి. కాగితమెందుకు, తిరిగి ఎత్తివ్రాసికొను శ్రమ యెందుకని తలచితిమి. ఐదు నెలలలో నలువదిమూడు పాటలైనవి. వానిలో పదకొండింటిని అత్తగారి కంఠముతో రికార్డు చేసితిమి. తక్కినవి చలికాలము పోయిన పిదప చేయుదమనుకొంటిమి. ఆమెకు దగ్గు తగ్గలేదు.

వెబ్‌సైటు చూచి అమెరికానుండి మా ఆడబిడ్డ ఫోనులో కన్నీరు పెట్టుకొనెను. ఆమె కుమార్తె, తెలుగు చదువనేరని పిల్ల, అమ్మమ్మ కంఠము విని లాలిపాటను కూనిరాగము తీయుచున్నదట. అత్తగారు తన కంఠము తానే విని, “ఎవతె యిది, ఇంత కీచుగా పాడుచున్నది?” అని నవ్విరి. ఆ నాలుగు నెలలును మాకు మిగుల గర్వముగా నుండెను.

2020వ సంవత్సరము ఆగస్టులో వచ్చిన 5.5 సంచికనుండి వర్డ్‌ప్రెస్‌లో నొక సౌకర్యము కలదు. మన మనుమతించినచో థీములును, ప్లగిన్లును క్రొత్త సంచికలు వచ్చినప్పుడు తమంతట తామే మారును. భద్రతకు ఇది మంచిది. మేమును అనుమతించితిమి. థీము మారుట యనగా పాత ఫోల్డరును తీసివేసి దాని స్థానమున క్రొత్త ఫోల్డరు నుంచుట యని మాకు తెలియదు. ఒకనాటి రాత్రి థీము క్రొత్త సంచిక వచ్చెను. మా “ఫంక్షన్స్” ఫైలు, అందులోని కంట్రోలు, నలువదిమూడు పాటలు — పాత సున్నము గీకివేసినట్లు పోయెను.

మరునాటి యుదయము మేము పుట తెరచితిమి. శీర్షిక యున్నది. మేము వ్రాసిన ముందుమాట యున్నది. పాటలుండవలసిన చోట చదరపు బ్రాకెట్ల నడుమ “పాటలపెట్టె” అను మాట మాత్రము వట్టిగా నిలిచియున్నది. పిలిచినను పలుకుటకు ఆ పేరుగల ఫంక్షను లేదు గనుక, పిలుపే పుటమీద మిగిలిపోయెను. మేము ఆ మాటను చూచుచు ఎంతసేపు నిలిచితిమో తెలియదు. పొయ్యిమీద పాలు పొంగి మాడినవని మావారు వచ్చి చెప్పిరి.

మేనల్లుడు రెండు రాత్రులు శ్రమించెను. మేము తీసికొన్న చౌక పద్ధతిలో సర్వరువారు బ్యాకప్ తీయుట లేదు, మేమును తీయలేదు. వాక్యములుగల పుటలు డేటాబేసులో నుండుటచే నిలిచినవి. పదకొండు రికార్డులు అప్‌లోడ్‌ల ఫోల్డరులో నుండుటచే నిలిచినవి. మావారు బడిలో బాలికలకు నేర్పించుటకై ఎనిమిది వేరు పాటలను కాగితముపై ముద్రించియుండిరి. అవి వారి బల్ల సొరుగులో దొరకెను. ఇరువదినాలుగు పాటలు ఎచ్చటను లేవు. ఆ దోషము యంత్రమునది కాదు. క్రొత్త సున్నము వేయించుకొందుమని మేమే సమ్మతించి, ధాన్యమును గోడకు పూసి యుంచితిమి.

మరల అత్తగారి నడుగవచ్చును గదా యని మీరనవచ్చును. అదియే మాకు దుస్సహమైనది. ఆ చలికాలమున ఆమెకు నిమోనియా వచ్చి పదునాలుగు దినములు ఆసుపత్రిలో నుండిరి. ఇంటికి వచ్చిన తరువాత ప్రాణభయము లేకున్నను, జ్ఞాపకము చెదరెను. మమ్ము ఒకప్పుడు తన చెల్లెలి పేరుతో పిలిచెడివారు. పాట మొదలుపెట్టి రెండవ చరణమునొద్ద ఆగి, చీరకొంగు సవరించుకొనెడివారు. ఆమెకు ఈ సంగతి చెప్పుటకు మాకు వారము దినములు ధైర్యము చాలలేదు.

చివరకొక మధ్యాహ్నము, ఆమె చిక్కుడుకాయలు ఒలుచుచుండగా ప్రక్కన గూర్చుండి చెప్పితిమి. ఆమె కోపగింపలేదు. కొంతసేపు గింజలు వేరుచేసి, “ఏ పాటలమ్మా పోయినవి?” అని యడిగిరి. చెప్పితిమి. “వానిలో నీకొక్కటియు రాదా?” అనిరి. మేము తల వంచుకొంటిమి. ఐదు నెలలు ఆమె నోటినుండి వచ్చిన ప్రతి యక్షరమును టైపు చేసినవారము, ఒక్క పాటయు పూర్తిగా పాడలేము. “వ్రాసికొంటివి గాని, నేర్చుకోలేదు గదమ్మా” అనిరి. నింద కాదు, ఉప్పు తక్కువైనదని చెప్పినట్లు మెల్లగా ననిరి. ఆ మాట యిప్పటికిని మా చెవిలో నున్నది.

నాటినుండి ప్రతిదినము మధ్యాహ్నము రెండు గంటలకు మేమిరువురము గూర్చుండితిమి. “సీమంతములో గాజులు తొడుగునప్పుడు ఏమి పాడుదురత్తయ్యగారూ?” అని నేరుగా నడిగినచో ఆమెకు తోచెడిది కాదు. మేమే ఒక రోకలి తెచ్చి రోటిలో మెల్లగా వేయుచుండగా, మూడవ దినమున సువ్వి పాట తనంతట తానే వచ్చెను. ఊయెల నూపుచున్నట్లు చేయి కదలించుచు లాలి పాట వచ్చెను. హారతిపళ్లెము చేతికిచ్చినచో హారతి వచ్చెను. పని వచ్చినచో పాట వచ్చినది. పని లేనిచో రాలేదు. ఈ పర్యాయము మేము ముందు నేర్చుకొంటిమి, పిదప వ్రాసికొంటిమి. మూడు నెలలలో పదునేడు పాటలు దొరకెను. ఏడు దొరకలేదు. వానిలో అప్పగింతల పాటలే నాలుగు.

పాటలు దొరకుచుండగనే కంట్రోలును మరల వ్రాసితిమి. ఈసారి ఏది యెచ్చట నుండవలెనో అచ్చటనే యుంచితిమి. మీలో నెవరైనను, లేక మీ పిల్లలు, ఇట్టి పని తలపెట్టినచో ఉపయోగించునని ఆ పద్ధతి వివరించుచున్నాము.

కంట్రోలు థీములో నుండరాదు. ప్లగిన్లకు నిర్ణయించిన ఫోల్డరులో తన కొక సొంత ఫోల్డరుతో నుండవలెను. ఫైలు మొదట “ప్లగిన్ నేమ్” అను మకుటముతో దాని పేరు వ్రాసినచో చాలును. వర్డ్‌ప్రెస్ దానిని గుర్తించి తన జాబితాలో చూపును. ఆ జాబితాలో ‘యాక్టివేట్’ అని నొక్కగనే అది పనిలో ప్రవేశించును. థీము ఎన్నిమారులు మారినను దీనికి భంగము లేదు. మూల వ్యవస్థ ఫైళ్లను మాత్ర మెన్నడును ముట్టరాదు. అవియు సంచికతోపాటు మారిపోవును.

పాటలు కంట్రోలులో నుండరాదు. కొట్టులో, అనగా డేటాబేసులో నుండవలెను. 2010లో వచ్చిన 3.0 సంచికనుండి మనకు గావలసిన రకపు వ్రాతలకు ప్రత్యేకముగా నొక వర్గము నేర్పరచుకొనుట సులభమైనది. మేము “పాట” అను వర్గము నేర్పరచితిమి. ప్రతి పాటయు నిప్పుడొక వేరు పుట. మార్పులు చేసినచో పూర్వపు ప్రతులు గూడ నిలిచియుండునట్లు వర్గము నేర్పరచునపుడే కోరవచ్చును, మేమట్లే కోరితిమి. పొరపాటున నొక చరణము తుడిచివేసినను వెనుకకు పోవచ్చును. పెట్టె పాటలను తనలో దాచుకొనక, అడిగినప్పుడు కొట్టునుండి తెచ్చి చూపును. పెట్టె విరిగినను పాటకు చేటు లేదు.

మన ఫంక్షనుల పేర్లకు ముందు మన ఇంటిపేరు వంటి గుర్తు చేర్చవలెను. ఒకే ఊర ఇద్దరు సీతమ్మలున్నచో ఇంటిపేరుతో పిలుతుము గదా! ఒకే పేరుగల ఫంక్షనులు రెండున్నచో పీహెచ్‌పీ సహింపదు, సైటంతయు నాగిపోవును. అట్లాగినచో పూర్వము తెల్లని తెర మాత్రమే కనబడెడిది. 2019లో వచ్చిన 5.2 సంచికనుండి, దోషమెచ్చట నున్నదో తెలుపుచు నిర్వాహకులకు ఈమెయిలు వచ్చును. దానిలోని లంకెద్వారా లోనికి పోయి దోషముగల ప్లగిన్‌ను ఆపవచ్చును. మాకొకమారు అది వచ్చినది. సెమికోలన్ ఒకటి విడిచితిమి.

వెదకు గడిలో చదువరులు వ్రాసిన దానిని ఉన్నదున్నట్లు పుటపై చూపరాదు. బియ్యమును ఏరకుండ ఎసటిలో పోయము. అట్లే బయటినుండి వచ్చిన అక్షరములలో దుష్టులు ఆజ్ఞలు దాచి పంపకుండ, వానిని నిరపాయముగా మార్చు ఫంక్షనులు వర్డ్‌ప్రెస్‌లోనే యున్నవి. వానిగుండా పోనిచ్చిన పిదపనే చూపవలెను.

తెలుగు వ్రాయువారికి మరియొక మాట. ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచవలెను. కాని దాని మొదట కంటికి కనబడని మూడు బైట్ల గుర్తును చేర్చు ఎడిటరులు కొన్ని గలవు. ఆ గుర్తు పీహెచ్‌పీ మొదలగుటకు ముందే బయటికి పోయి చిక్కులు దెచ్చును. గుర్తు లేకుండ భద్రపరచు నియమమును ఎన్నుకొనవలెను. దీనివలన మేమొక ఆదివారమంతయు పోగొట్టుకొంటిమి.

క్రొత్త కంట్రోలును నేరుగా లోకమునకు చూపు సైటులో బిగింపరాదు. ఇంటి కంప్యూటరులోనే వర్డ్‌ప్రెస్ ప్రతి నొకటి యుంచుకొని, అందు పరీక్షించి, పిదప ఎక్కించవలెను. ఇక బ్యాకప్ అనగా రెండు వస్తువులు: డేటాబేసు ఒకటి, మన థీములును, ప్లగిన్లును, బొమ్మలును, రికార్డులును ఉండు ఫోల్డరొకటి. ఒకటి తీసి రెండవది విడుచుట, వడ్లు దాచి గాదెకు తలుపు వేయకపోవుట వంటిది. మేమిప్పుడు ప్రతి శుక్రవారము ఇల్లలికి ముగ్గు పెట్టిన పిదప రెండును తీసి, ఒక ప్రతిని ఇంట, ఒక ప్రతిని మేనల్లుని యొద్ద నుంచుచున్నాము.

2018 డిసెంబరులో వచ్చిన 5.0 సంచికనుండి వర్డ్‌ప్రెస్‌లో వ్రాత పద్ధతియే మారినది. పుటను బ్లాకులుగా పేర్చుదురు. స్వయముగా బ్లాకులను తయారు చేసికొనుటయు గలదు. మా మేనల్లుడు బ్లాకు చేయుమనుచున్నాడు. అందులకు జావాస్క్రిప్ట్ అను మరియొక భాష కావలెను. నేర్చుకొనుచున్నాము. అంతవరకు పాత షార్ట్‌కోడ్‌కు కేటాయించిన బ్లాకులో మా పెట్టె సుఖముగానే యున్నది.

ఇంత చెప్పితిమి గాని, అమ్మలారా, ఈ నియమములన్నియు పాటించినను సర్వము క్షేమమని మేము చెప్పలేము. సర్వరు అద్దె కట్టుట మరచినచో ఏమగునో! మావారు పాఠశాలలో తెలుగు చెప్పుచు నాలుగు పద్యములైనను కంఠస్థము చేయుడని పిల్లల నొత్తిడి చేయునప్పుడు, ఈ కాలమున నిది యెందుకని మేమే వాదించెడివారము. ఇప్పుడు వాదించుట లేదు. యంత్రములోని ప్రతి, కాగితముపై ప్రతి, నోటిలోని ప్రతి — మూడింటిలో రెండైనను లేనిదానిని మాయింట దాచినదిగా లెక్కపెట్టము. మా కుమార్తెకు తొమ్మిదేండ్లు. బడినుండి వచ్చి పాలు త్రాగిన పిదప నాయనమ్మ దగ్గర గూర్చుండి వారమున కొక పాట నేర్చుకొనుచున్నది. అత్తగారు మధ్యలో మరచినచో పిల్ల యందించుచున్నది. పిల్ల మరచినచో మేమందించుచున్నాము.

వెబ్‌సైటులో ఇప్పుడు ముప్పదియారు పాటలున్నవి. దొరకని యేడింటికిని ఏడు పుట లేర్పరచితిమి. వానిలో పాట యేమియు లేదు. సందర్భము, మాకు గుర్తున్నంతవరకు వరుస, ఎవరు పాడెడివారో ఆ వివరము, క్రింద నొక గడి మాత్రమున్నవి. ఆ పాట తెలిసినవారు గడిలో వ్రాసి పంపవచ్చును. ఆ గడియు మేము చేసిన కంట్రోలే. ఇంతవరకు ఏ పాటయు రాలేదు. అత్తగారు మాత్రము ప్రతి సాయంకాలము, “అమ్మాయీ, ఎవరైనను వ్రాసిరా?” అని యడుగుచున్నారు.

మీ యింట పెద్దవారుండి, వారికి అప్పగింతల పాటలు తెలిసియున్నచో, ముందు మీరు నేర్చుకొనుడు. తరువాత వ్రాసికొనుడు. ఆ పిదప, పెట్టెలో నుంచినను, ఉంచకున్నను, మీ ఇష్టము.